కొసరు పావలా

మనిషి తినేటప్పుడు కాదు, తిని లేచేటప్పుడు బయటపడతాడని మా మావ నమ్మకం. ఎద్దును పళ్లు చూసి కొంటారు, గేదెను పొదుగు చూసి కొంటారు, అల్లుడిని మాత్రం కాఫీ హోటల్లో బల్ల దగ్గరనుంచి లేచి నిలబడేటప్పుడు చూసి తెచ్చుకోవాలని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం చేతికి నేను ఎలా చిక్కానో చెబుతాను. నా కబుర్లకు అలవాటుపడ్డవాళ్లు నేను ఏది చెప్పినా మూడో వంతు తీసేసి నమ్ముతారు. ఇందులోనూ తీసేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పావలా జోలికి మాత్రం రాకండి. అది నిజంగానే ఇచ్చాను.

మాది చీపురుపల్లి. ఉప్పు, చింతపండు, బెల్లం అమ్ముకునే కొట్టు. మా మావ, అంటే మా అమ్మకు అన్న, విజయనగరంలో టోకున బెల్లం వ్యాపారం చేసేవాడు. ఆయనకు ఒక్కతే కూతురు. మా కోమటి ఇళ్లలో మేనరికం చేతిలో పెట్టుకుని బయట సంబంధం చూడడమంటే ఇంట్లో నూతిని వదిలేసి వీధిలో నీళ్లు కొనుక్కున్నట్టు. కాబట్టి ఆ పిల్ల మేనల్లుడికే. చిక్కల్లా, మా మావకు ఇద్దరు చెల్లెళ్లు. పెద్దావిడ కొడుకు బొబ్బిలిలో బట్టల కొట్టు చూసుకుంటున్నాడు. చిన్నావిడ కొడుకును నేను. ఒకడికిస్తే రెండో చెల్లెలు అలుగుతుంది. అందుకని ఏ చెల్లెలూ నోరెత్తకుండా మావ ఒక పరీక్ష పెట్టాడు. పరీక్ష పెట్టినట్టు మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ పిల్లంటే నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం. నేను చెప్పేది అబద్ధమని తెలిసి కూడా, చేస్తున్న పని ఆపి, "తర్వాతేటయ్యింది బావా?" అని అడిగే మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే. అలాంటి శ్రోతను బొబ్బిలికి పంపించేస్తే నేను బతికి ఎవరికి చెప్పుకోవాలి?

యుద్ధం నడుస్తున్న రోజులు. ఒకనాడు బెల్లం బుట్టల కోసం విజయనగరం వెళ్లాను. మావ మండువాలో లేడు. ఆ పిల్ల వెనక వసారాలో చాట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నన్ను చూసి గొంతు తగ్గించింది.

"ఒచ్చే బుధవారం నాన్న నిన్ను ఓటేలుకి తీసుకెల్తాడు బావా. కడుపు నిండిపోయిందని గొప్పలు సెప్పకు. ఎల్లు."

"మావ నాకు ఇడ్లీ ఎట్టించడమేటే? ఒంట్లో బాగానే ఉన్నాదా?"

"నీ ఒంట్లోనే బాగుండదు ఆ తర్వాత. నువ్వు తినడం సూడడు ఆయన. తిని లేసినాక వడ్డించినాయనకి ఇనామేటిస్తావో అది సూస్తాడు. మొన్న బొబ్బిలి బావని తీసుకెల్లేడు."

"ఆడేటిచ్చేడు?"

"అర్ధణా. పల్లెంలో ఒగ్గీసి లేసొచ్చీసేడంట. వడ్డించినాయన బాపనాయన గదా, ఎంగిలి పల్లెంలో డబ్బు ముట్టుకోనేదు. పల్లేలు కడిగే ముసల్ది దాన్ని సూడకుండా నీల్లతో పాటు వీదిలో పారబోసీసింది. నాన్న ఇంటికొచ్చి రెండు రోజులు అదే పాట. బాపనాయనకి ఎంగిలి పల్లెంలో ఎడతాడా, ఎడతాడా అని."

"అయితే ఆడి పని అయిపోయిందన్నమాట."

"ఎక్కడయ్యింది? అర్ధణా పరవానేదు, ఎట్టిన సోటే తప్పు అన్నాడు."

"మరి నానెంత ఎట్టాలి?"

ఆ పిల్ల చేతిలోని రాయి చాటలోనే పడేసింది. "నాకేటి తెలుసు? నానెప్పుడైనా ఓటేలు గుమ్మం తొక్కేనా? కలకత్తాలో లాటుదొర పక్కన కూకుని కాఫీ తాగేనని సెప్పేవు గదా. ఆ రోజేటిచ్చేవు?"

నేను కలకత్తా కాదు కదా, బరంపురం కూడా చూడలేదు. "ఆ రోజు దొరే ఇచ్చీసేడే" అన్నాను.

నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆపేసింది. "ఇది కత కాదు బావా. ఆ బావ నవ్వడు. నవ్వితే డబ్బులైపోతాయనుకుంటాడు. అలాటింట్లో పొద్దల్లా నానేటి సెయ్యాలి సెప్పు? ఎక్కువిచ్చి సెడగొట్టకు. తక్కువిచ్చి సెడగొట్టకు."

"ఎంతో సెప్పవే మరి!"

"తెలిస్తే సెప్పనేటి?" అని చాట ఎత్తి లోపలికి వెళ్లిపోయింది.

ఆమె భవిష్యత్తూ నాదీ కలిపి ఒక నాణెంలోకి వచ్చి కూర్చున్నాయి. ఆ నాణెం ఏదో మా ఇద్దరికీ తెలియదు.

ఇంటికి వచ్చి మా నాన్నను చుట్టు తిప్పి అడిగాను. హోటల్లో తిన్నాక వడ్డించినవాడికి ఎంతిస్తారని సూటిగా అడిగితే, హోటలుకి ఎందుకెళ్లావని మొదలుపెడతాడు. అందుకని, "ఎవరో అడిగేరు నాన్నా" అన్నాను.

మా నాన్న త్రాసు దించాడు. "ఎంతివ్వడమేట్రా? తిన్నదానికి డబ్బిచ్చేం గదా?"

"అది ఓటేలోడికి. ఇది వడ్డించినాయనకి, పైన."

"అంటే కొసరన్నమాట." మా నాన్నకు ప్రపంచంలో ఏ విషయమైనా కొట్టు భాషలోకి వస్తేగాని అర్థం కాదు. కొసరంటే తెలుసుగా, తూకం అయ్యాక కొన్నవాడి సంతోషం కోసం అమ్మినవాడు పైన వేసే చిటికెడు. "కొసరు అమ్మినోడు ఏత్తాడు. కొన్నోడు ఏత్తాడేట్రా ఎక్కడైనా? మన కొట్లో ఉప్పు కొన్నోడు ఎల్తూ ఎల్తూ నీ సేతిలో కాణీ ఎట్టేడా ఎప్పుడైనా? ఆ అడిగినోడెవడో, ఆడికి మన కొట్లో అప్పియ్యకు."

నాన్నతో కాదని రైల్వే స్టేషన్‌కి పోయాను. అక్కడ టిక్కెట్లిచ్చే గుమస్తా నాలుగూళ్లు చూసినవాడు. దొరలు బిల్లులో పదో వంతు ఇస్తారని చెప్పాడు. ఇద్దరం ఆరణాల సరుకు తింటామనుకుంటే, అణాకు నాలుగు కాణీలు కాబట్టి, పదో వంతు రెండు కాణీలూ, ఇంకో కాణీలో సగానికి కొంచెం తక్కువానూ. ఆ కొంచెం తక్కువను ఎలా విరిచి ఇస్తారో ఆ దొరలకే తెలియాలి. పైగా అప్పుడు చిల్లర కరువు. యుద్ధంలోకి రాగి పోయిందన్నారు. మధ్యలో బెజ్జం పెట్టిన చిల్లు కాణీలు వచ్చాయి. వాటిని కూడా జనం మొలతాళ్లకు కట్టుకుని దాచుకునేవారు. జేబులో ఏదుంటే అదే ఇవ్వవలసిన కాలం.

బుధవారం వచ్చింది. నా జేబులో ఒక చిల్లు కాణీ, ఒక అణా, ఒక నాలుగణాల పావలా. ఈ మూడూ సంపాదించడానికి చీపురుపల్లిలో ఎన్ని కొట్లు ఎక్కానో చెబితే మళ్లీ మూడో వంతు తీసేస్తారు. నా లెక్కలో అణా ఖాయం. బొబ్బిలివాడి అర్ధణా పరవాలేదన్నాడు కాబట్టి, దాన్ని మించాలి, మరీ మించకూడదు. అణా అంచు అలలు అలలుగా ఉంటుంది, జేబులో చెయ్యి పెట్టగానే వేలికి తెలుస్తుంది. రైల్లో విజయనగరం వచ్చేదాకా ఆ అంచు తడుముతూనే ఉన్నాను.

హోటలు బజారు వీధిలో ఉండేది. పొడుగాటి గది, రెండు వరసల బల్లలు, గల్లా వెనక గోడకు దేవుడి పటాలు, వాటి మధ్యలో ఒక పెద్ద అద్దం. వడ్డించే ఆయనకు అరవై ఏళ్లు దాటి ఉంటాయి. బక్కపలచటి మనిషి. నడుముకు తువ్వాలు బిగించి, భుజందాకా కాఫీ గ్లాసులు పేర్చుకుని వచ్చేవాడు. ఒక చేతి మీద పదిహేడు గ్లాసులు లెక్కపెట్టాను. నమ్మరు కాబట్టి పన్నెండు అనుకోండి. వేళ్ల కొసలు కాలి కాలి తెల్లబడి, తడిసిన చింతగింజల్లా ఉన్నాయి.

"రండి షావుకారుగారూ. ఇవాళ ఎవరినో తీసుకొచ్చారే!"

"మా సిన్న సెల్లి కొడుకు పంతులుగారూ. నోరు విప్పితే కోతలు. అందుకని ముందు ఆడి నోట్లో ఏదైనా ఎట్టండి."

"ఇడ్లీ వేడిగా ఉంది. పెసరట్టు అయితే కాస్త ఆలస్యవౌతుంది."

"ఆలిస్యవైనా పెసరట్టే" అన్నాడు మావ. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చూడాలి. ఇంట్లో మా అత్తను కూడా అంత ప్రేమగా పిలిచి ఉండడు.

తిన్నాం. తిన్నామంటే మావ తిన్నాడు. నేను మింగాను. అల్లం ముక్క పంటి కింద పడితే అది అల్లమో అణావో తెలియలేదు. మావ నా వైపు చూడకుండా బెల్లం ధరల గురించి మాట్లాడుతున్నాడు. చూడకపోవడమే నాకు పెద్ద చూపుగా ఉంది. కాఫీ అయ్యాక ఆయన లేచాడు.

"బిల్లు నానిచ్చీస్తాను. పంతులుగారి సంగతి నువ్వు సూడు."

అని గల్లా దగ్గరికి పోయి, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఎంత పెద్దమనిషి, నన్ను స్వేచ్ఛగా వదిలేశాడు అనుకున్నాను. తలెత్తితే గల్లా వెనక అద్దంలో, రెండు పటాల మధ్య, మావ కళ్లు. దేవుళ్లిద్దరూ ఎటో చూస్తున్నారు. మావ మాత్రం నన్నే చూస్తున్నాడు.

పళ్లెంలో పెట్టకూడదు, అది తెలుసు. బల్ల మీద పెడదామా అంటే బల్ల మీద సాంబారు తడి. చేతికి ఇద్దామా అంటే కుడి చెయ్యి ఎంగిలి. ఎడం చేత్తో బ్రాహ్మడికి డబ్బిచ్చానని ఇంట్లో తెలిస్తే మా అమ్మ నన్ను గుమ్మం తొక్కనివ్వదు. నీళ్ల తొట్టి దగ్గరికి పోయి చెయ్యి కడిగాను. ఒకసారి కడిగితే సరిపోయేది, భయంతో మూడుసార్లు కడిగాను. పంచెకు తుడుచుకుని, జేబులో అణా పట్టుకుని వచ్చాను. అప్పటిదాకా అంతా లెక్క ప్రకారమే ఉంది.

పంతులుగారు ఎదురొచ్చాడు. రెండు చేతులా గ్లాసులు. అంతమందిలో ఆయన ఎదురుగా నిలబడగానే నాకు హోటలు మాయమైపోయింది. మా ఇంట్లో చిన్నప్పటినుంచీ బ్రాహ్మడి చేతిలో ఏది పెట్టినా, ఒక్క తమలపాకైనా సరే, పద్ధతి ఒకటే. ఇచ్చేవాడు తూర్పుకు తిరగాలి, పుచ్చుకునేవాడు ఉత్తరానికి తిరగాలి, రెండు చేతులూ కలిపి వంగి ఇవ్వాలి. అది నేర్చుకున్న పని కాదు, తుమ్ములాంటిది. ఆపుకోలేం. నేను తూర్పు ఎటో చూసుకుని తిరిగాను. ఆయన పడమటి వైపు తిరిగి ఉన్నాడు. భుజం పట్టుకుని మెల్లిగా ఉత్తరానికి తిప్పాను.

"ఇదేవిటి నాయనా, తిప్పుతావేం? కాఫీ ఒలుకుతుంది!"

"ఒక్క నిమిసం పంతులుగారూ" అని వంగాను.

అక్కడే జరగకూడనిది జరిగింది. నిలువునా నిలబడి ఇస్తే అణా అణాలాగే ఉండేది. సగానికి వంగి, రెండు చేతులు జోడించి ఇచ్చేటప్పుడు అణా ఎలా ఇస్తాం? ఆ వంగడానికి ఆ నాణెం చాలదు. వంగుతున్నకొద్దీ నాకు సిగ్గు పెరిగింది. నడుము సగం దిగేసరికి వేళ్లు అలల అంచును వదిలేశాయి. నేను మనసులో "అణా, అణా" అంటూనే ఉన్నాను. చెయ్యి పావలా తీసింది.

ఆయన గ్లాసులు పక్క బల్ల మీద పెట్టాడు. చేతులు తువ్వాలుకు తుడుచుకుని పుచ్చుకున్నాడు. అరచేతిలో పావలాను చూశాడు. నన్ను చూశాడు. ఆయన ముఖంలో పని హడావిడి పోయింది. ఎన్నాళ్లయిందో ఆయన చేతిలో ఎవరైనా వంగి డబ్బు పెట్టి.

"గోత్రం?" అన్నాడు. గొంతు మారిపోయింది.

చెప్పాను. పేరు చెప్పాను. ఆయన ఉత్తరీయం అనుకుని ఆ తువ్వాలే భుజాన వేసుకుని, కుడి చెయ్యెత్తి, ఆశీర్వచనం ఎత్తుకున్నాడు. మామూలుగా కాదు. సాంగంగా, స్వరంతో. హోటల్లో తింటున్నవాళ్లు నోట్లో ముద్దలతో ఆగిపోయారు. లేచి నిలబడాలో కూర్చోవాలో తెలియక కొందరు సగం లేచారు. వంటింట్లోంచి గరిటెతో ఒకాయన వచ్చి గుమ్మంలో నిలబడి చేతులు జోడించాడు, వెనక పెసరట్లు మాడుతున్న వాసన. నేను వంగినవాణ్ని వంగినట్టే ఉన్నాను. ఆయన ఆపితేగాని లేవకూడదు కదా. చివర "శీఘ్రమేవ కల్యాణమస్తు" అని నా తల మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి వేడిగా ఉంది, కాఫీ వాసన.

లేచి అద్దంలోకి చూశాను. మావ కళ్లు లేవు. మావ వీధిలోకి వెళ్లిపోయాడు.

గంటస్తంభం దగ్గర ఆయన్ని అందుకున్నాను. "మావా, ఎండ ఎక్కువున్నాది" అన్నాను. ఆయన ఆగాడు.

"ఎంతిచ్చేవు?"

"పావలా."

"మనం తిన్నదెంత?"

"ఆరణాలు."

"ఆరణాల సరుక్కి నాలుగణాల కొసరా? ఒరే, మీ నాన్న కొట్లో శేరు సింతపండుకి అరశేరు కొసరేత్తన్నాడా?"

"వంగేను మావా. వంగేసరికి..."

"వంగడం కాదురా, నన్నొంచీసేవు. ఇరవై ఏల్లుగా ఆ ఓటేలుకి వత్తన్నాను. లేసేటప్పుడు కాణీ. ఎండైనా కాణీ, వానైనా కాణీ. ఆయన పుచ్చుకుంతన్నాడు, నాను ఇత్తన్నాను. ఓ ధర కుదిరింది. ఓసారి దోసెడు కొసరేసినోడు మల్లీ సిటికెడేత్తే కొన్నోడు ఒప్పుకుంతాడేట్రా? వచ్చే బుధవారం నాను కాణీ ఎలాగివ్వాలి? సెప్పు!"

 

"ధర సెడగొట్టినోడు దొంగకంటే అన్నేయం" అని ఆయన ఇంటివైపు తిరిగాడు. నన్ను ఇంటికి రమ్మనలేదు. నేను తిన్నగా స్టేషన్‌కి పోయాను. రైలు రావడానికి మూడు గంటలుంది. ఆ మూడు గంటలూ ప్లాట్‌ఫారం మీద కూర్చుని మిగిలిన అణానూ, కాణీనీ మార్చి మార్చి చూసుకున్నాను. ఏదిచ్చినా పిల్ల దక్కేదేమో, దక్కేది కాదేమో. ఎవరు చెప్పగలరు?

పది రోజులకు బొబ్బిలినుంచి వచ్చిన మనిషొకడు మా కొట్లో బెల్లం కొంటూ, మావ మా పెద్దమ్మగారింటికి జాతకం కోసం కబురుపెట్టాడని చెప్పాడు. మా అమ్మ ఆ పూట వంట మానేసింది. మా నాన్న మాత్రం నన్ను పిలిచి, "ఆ కొసరు సంగతి అడిగినోడివి నువ్వేనేటి?" అన్నాడు. తల ఊపాను. ఆయన త్రాసు తుడుచుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మరి ఆ తర్వాత విజయనగరంలో జరిగినదంతా నాకు ఆ పిల్లే చెప్పింది. ఆమె నాలాగా పెంచి చెప్పదు కాబట్టి ఇది మీరు పూర్తిగా నమ్మవచ్చు.

మావ తర్వాతి బుధవారం ఒక్కడే హోటలుకి వెళ్లాడు. తిన్నాడు. లేచాడు. అలవాటు ప్రకారం పంతులుగారి చేతిలో కాణీ పెట్టాడు. ఆయన కాణీని చూసి, మావను చూసి, ఎంతో ఆప్యాయంగా, "మీ మేనల్లుడు కులాసాగా ఉన్నాడా?" అని అడిగాడు. అంతే. మావ చెప్పులు ఒకదానికొకటి మార్చి తొడుక్కుని ఇంటికి వచ్చాడట.

ఆ పై బుధవారం ఎదురు బల్ల మీద ఇద్దరు నూనె షావుకార్లు పంతులుగారితో గొడవపడుతున్నారట. "ఆ కుర్రోడికి అంత సదివేవు, మాకు సదవవేటి?" అని. అర్ధణా ఇచ్చి ఆశీర్వచనం అడుగుతున్నారు. ఆయన ఒక చేత్తో గ్లాసులు పట్టుకుని, రెండో చెయ్యెత్తి, గోత్రాలు అడిగి చదువుతున్నాడు. గుక్క తిప్పుకోలేకపోతున్నాడు. మావ బల్లకు పెసరట్టు వచ్చేసరికి చల్లారిపోయి చెప్పు అట్టలా ఉంది. మావకు ఆశీర్వచనం అడగడానికి సిగ్గు, అడక్కుండా కాణీ ఇవ్వడానికి సిగ్గు, పావలా ఇవ్వడానికి ప్రాణం ఒప్పదు. ఏమీ ఇవ్వకుండా వచ్చేశాడు. ఆ తర్వాత వెళ్లడం మానేశాడు.

మానేసిన మనిషి ఊరుకుంటాడా? ఇంట్లో పెసరట్టు వెయ్యమన్నాడు. అత్త వేసింది. "ఇది పెసరట్టా, పిడకా?" అన్నాడు. మర్నాడు అల్లం ఎక్కువన్నాడు. ఆ మర్నాడు అల్లం తక్కువన్నాడు. అత్త పెనం తీసుకొచ్చి ఆయన ఒళ్లో పెట్టి, "నువ్వే ఏసుకో" అంది. ఆ పూట ఆయన పెనం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడట. అప్పుడు ఆ పిల్ల మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టి, గుమ్మంలో నిలబడింది.

"నాన్నా, బొబ్బిలి బావని అల్లుడు సేసుకుంటే బుధవారం ఆ బావ నీతో ఓటేలుకొత్తాడా?"

"వత్తాడు. వత్తే?"

"అర్ధణా ఇత్తాడు. పంతులుగారు నిన్ను సూసి, మీ రెండో మేనల్లుడు కులాసానా అని అడుగుతాడు."

మావ పెనం వైపు చూశాడు.

"అదే సీపురుపల్లి బావైతే, పావలా ఆ బావే ఇచ్చీసుకుంటాడు. సెడగొట్టినోడే కట్టుకుంటాడు. నీ సెయ్యి జేబులోకెల్లక్కర్నేదు. నువ్వు మీసం మీద సెయ్యేసుకుని పెసరట్టు తినొచ్చు."

"నీకు ఆడంటే ఇష్టమేటే?" అన్నాడట మావ, అంతవరకూ తోచని సంగతి తోచినట్టు.

"పెసరట్టు గురించి సెప్తన్నాను నాన్నా" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

మా తాంబూలాలు పుచ్చుకునే రోజున పెద్దల ఎదుట మావ ఒకే ఒక షరతు పెట్టాడు. లాంఛనాలు లేవు, పెట్టుపోతలు లేవు. "బుధవారం బుధవారం ఓటేలుకెల్లినప్పుడు పంతులుగారి సంగతి అల్లుడే సూడాలి. పావలాకి తగ్గడానికి ఈల్లేదు. నాను బతికున్నన్నాల్లూ." పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా నాన్న మాత్రం వెంటనే అందుకున్నాడు.

"మరి సీపురుపల్లి నుంచి రైలు టిక్కెట్టో?"

"టిక్కెట్టు మీది. పెసరట్టు నాది."

"రానూ పోనూ?"

"రాడం మీది. పోడం..." మావ ఆలోచించాడు. "పోడం కూడా మీదే."

పెళ్లి మాటలన్నీ అరగంటలో అయిపోయాయి. రైలు టిక్కెట్టు మాట సాయంత్రం దాకా నడిచింది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. తలుపు వెనక గాజులు చప్పుడు చేసుకుంటూ ఒక మనిషి నవ్వు ఆపుకోవడం మాత్రం వినిపిస్తూనే ఉంది. ఆ నవ్వు కోసం పావలా కాదు, రూపాయి అన్నా ఒప్పుకునేవాణ్ని. ఆ మాట మావకు తెలియకుండా జాగ్రత్తపడ్డాను.

పెళ్లయిన తర్వాత మొదటి బుధవారం ఇద్దరం హోటలుకి వెళ్లాం. మావ మనిషే మారిపోయాడు. బల్ల దగ్గర వెడల్పుగా కూర్చున్నాడు. పెసరట్టు తిని, ఇంకో పెసరట్టు చెప్పి, అది తిని, కాఫీ చెప్పాడు. పంతులుగారు పాపం నీరసంగా ఉన్నాడు. మూడు బల్లల దగ్గర గోత్రాలు అడిగి వచ్చాడు. నాకు ఆయన్ని చూస్తే జాలేసింది. ఆ జాలి ఎంత విలువ చేస్తుందో, దాన్ని ఏ నాణెంలో పెట్టి ఇవ్వాలో తెలియక మళ్లీ పాత అవస్థ మొదలైంది. పావలా ఇస్తే ఆయన గ్లాసులు దించి అంతా చదవాలి. ఇవ్వకపోతే మాట తప్పిన అల్లుణ్ని. ఎక్కువిస్తే ఆయన ఇంకా ఎక్కువసేపు చదువుతాడేమో.

"మావా, ఇప్పుడు అల్లుడ్నే గదా. నిజం సెప్పు. అసలు ఎంతివ్వాలి?"

మావ అటూ ఇటూ చూశాడు. బల్ల మీదికి వంగాడు.

"నాకేటి తెలుసురా?"

"తెలీదా? మరి ఇరవై ఏల్ల కాణీ?"

"మీ అత్త నాన్న నన్నూ ఇలాగే ఓటేలుకి తీసుకొచ్చేడు. ఎంతియ్యాలో ఆయనా సెప్పనేదు. నా జేబులో ఆ పూట కాణీయే ఉన్నాది. కల్లు మూసుకుని అదే ఇచ్చీసేను. పిల్లనిచ్చేడు. ఇచ్చేడు గదా, అదే లెక్కనుకున్నాను."

"ఆ మాట నాకు ముందే సెప్పుంటే..."

"సెప్తే నువ్వు నన్నేటనుకుంటావు?" అన్నాడు మావ. ఊళ్లో సగం బెల్లానికి ధర కట్టే మనిషి. ఆ గొంతు అంత చిన్నగా అవడం నేను మొదటిసారి విన్నాను.

పంతులుగారు చేతులు తుడుచుకుంటూ మా బల్ల వైపు వస్తున్నాడు. నా చెయ్యి జేబులోకి వెళ్లింది, ఏమనుకున్నాడో మావ చెయ్యి కూడా వెళ్లింది, ఏ నాణెం ఇవ్వాలో ఇద్దరికీ తెలియకుండానే. ఇద్దరం ఒకేసారి లేచాం.